ఎరువిచ్చిన పడవ, ఇవ్వవలసిన మాట



భిలాయిలో మా మరోదా సెక్టారు వాళ్ళకి ఆదివారం సాయంత్రం అంటే మైత్రీబాగే. 1972లో భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా స్టీలు ప్లాంటు పెంచిన తోట అది. పిల్లలు తెల్లపులిని చూస్తారు, బొమ్మరైలు ఎక్కుతారు, ఆఖరికి పడవ ఎక్కుతామని చెరువు దగ్గర మారాం చేస్తారు. పోయిన నెల ఆ చెరువు గట్టు మీదే మా వీధిలో ఉండే ఒకాయన కలిశారు. కోనసీమ మనిషి. ప్లాంటు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను దుర్గ్ కోర్టులో వకీలునని తెలుసు కాబట్టి ఒక మాట అడిగారు.

"మా అన్నయ్యకి లంకలో సొంత పడవుందండి. ఇంజను పడవ. ఊళ్ళో వాళ్ళమ్మాయి పెళ్ళికి కావాలని అడిగారంట. మగపెళ్ళివారిని అవతలి రేవు నుంచి తీసుకురావాలండి. అన్నయ్య ఒక్క రూపాయి కూడా పుచ్చుకోడు. డబ్బు పుచ్చుకోనప్పుడు మన మీద బాధ్యతేం ఉంటుందండీ?"

జవాబు తనకి ముందే తెలుసన్నట్టే అడిగారాయన. ఉచితంగా ఇచ్చేదానికి బాధ్యతేమిటి అన్నది చాలామంది మనసులో ఉన్న మాటే. అది నిజం కాదు. ఎందుకు కాదో అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఆయనకి తరువాత తీరిగ్గా చెప్పాను. ఈ రోజు ఈ పది, పదిహేను నిమిషాల్లో మీకూ చెబుతాను.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న లంక గ్రామాల వాళ్ళకి పడవ విహారం కోసం కాదు. బడికీ, ఆస్పత్రికీ, పెళ్ళికీ అదే దారి. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు కోనసీమలో ఒక పెళ్ళికూతురు పట్టుచీరతో, పూలజడతో పడవెక్కి పెళ్ళికి వెళ్ళిన దృశ్యం దేశమంతా చూసింది. అలాంటి చోట పడవ ఉన్నవాడు ఇవ్వనంటే పెళ్ళి ఆగిపోతుంది. మన మరోదాలో ఏరు దాటే పని లేదు. ఇక్కడి జలాశయంలో నీళ్ళు ప్లాంటుకి వెళ్తాయి. ఇక్కడ పడవ స్థానంలో కారు ఉంది, వ్యాను ఉంది, పికప్ ఉంది. పెళ్ళి నిశ్చయం కాగానే, "పిన్నీ, బాబాయిగారి బండి ఆ రోజుకి ఖాళీయేనా?" అని అడగని తెలుగు ఇల్లు ఈ ఊళ్ళో ఉండదు. అందుకే పడవ ప్రశ్న మనందరిదీ.

ముందు మన భాషలోనే ఉన్న ఒక మంచి విభజన గుర్తు చేస్తాను. డబ్బు తెచ్చుకుంటే అప్పు అంటాం. తెచ్చిన నోటే తిరిగి ఇవ్వక్కర్లేదు, అంత విలువ ఇస్తే చాలు. వాడుకోవడానికి డబ్బిచ్చి తెచ్చుకుంటే అద్దె అంటాం, కిరాయి అంటాం, బాడుగ అంటాం. డబ్బు లేకుండా వాడుకోవడానికి తెచ్చుకుని, ఆ వస్తువునే తిరిగి ఇస్తే దాన్ని ఎరువు అన్నారు మన పెద్దలు. నగ ఎరువు తెచ్చుకుంటారు, గుండిగ ఎరువు తెచ్చుకుంటారు, ఎడ్లబండి ఎరువు తెచ్చుకుంటారు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత తెచ్చుకున్నవాడికి చెప్పిన హెచ్చరిక. ఇచ్చినవాడికి కూడా ఒక బరువు ఉందని చట్టం చెబుతుంది. ఆ చట్టం కొత్తది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం.

ఆ చట్టంలో 150వ సెక్షన్ అని ఒకటుంది. దాని సారాంశం తేలిక మాటల్లో ఇది. నీ వస్తువును ఇంకొకరి చేతికి వాడుకోవడానికి ఇస్తున్నప్పుడు, దానిలో నీకు తెలిసిన లోపం ఏదైనా ఉండి, ఆ లోపం వాడకానికి అడ్డమైనా, వాడేవాణ్ణి మామూలుకి మించిన ప్రమాదంలో పడేసేదైనా, నువ్వు ఆ మాట చెప్పి తీరాలి. చెప్పకపోతే దానివల్ల నేరుగా కలిగిన నష్టానికి నీదే బాధ్యత. ఆ కాలానికి తగ్గట్టు చట్టంలోనే ఒక గుర్రం ఉదాహరణ ఇచ్చారు. ఒకడు తన గుర్రం పొగరుబోతుదని తెలిసీ చెప్పకుండా ఇంకొకడికి ఎరువిచ్చాడు. గుర్రం బెదిరి పరుగెత్తింది, ఎక్కినవాడు పడి దెబ్బలు తిన్నాడు. బాధ్యత ఎవరిది? ఇచ్చినవాడిది. ఉచితంగానే ఇచ్చాడు కదా అని చట్టం వదిలిపెట్టలేదు.

ఆ సెక్షన్‌లోనే ఇంకో వాక్యం ఉంది. అద్దెకిస్తే మాత్రం, లోపం నీకు తెలిసినా తెలియకపోయినా బాధ్యత నీదే. గమనించండి. ఉచితానికీ అద్దెకీ తేడా ఇక్కడ ఉంది. ఎరువిచ్చినవాడు తెలిసినది దాచితే దోషి. అద్దెకిచ్చినవాడు తెలుసుకోకపోయినా దోషి. అంటే డబ్బు తీసుకోకపోతే బాధ్యత తగ్గుతుంది. పోదు.

ఈ సెక్షన్ నేను లా కాలేజీలో చదివేనాటికి దాని అర్థం నాకు ముందే తెలుసు. మా పెదనాన్న నేర్పారు.

మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. పెదనాన్న ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా పని చేసి రిటైరయ్యాక ఒక పాత మారుతీ వ్యాను కొనుక్కున్నారు. కాలనీలో ఏ ఇంట పెళ్ళయినా ఆ వ్యాను పెళ్ళివారిదే. ఎవరైనా గుమ్మంలో నిలబడి నసుగుతుంటే, "అడగడానికి మొగమాటమేట్రా? పట్టుకెల్లు" అని తాళం చేతిలో పెట్టేసేవారు. ఆ వ్యానుకి ఒక అలవాటు ఉండేది. బ్రేకు ఒక్కసారి తొక్కితే పట్టేది కాదు. ఒకసారి తొక్కి వదిలి, రెండోసారి తొక్కితే పట్టేది. పెదనాన్న కాలికి అది ఎంత అలవాటైపోయిందంటే, ఆయనకది లోపంలా తోచడం మానేసింది. ఒక పెళ్ళి రోజు పొద్దున్న, పెళ్ళికూతురి అన్నయ్య ఆ వ్యానులో పూలదండలూ, ఇద్దరు మేనత్తల్నీ ఎక్కించుకుని మండపానికి బయల్దేరాడు. వీధి మలుపులో ఆవు అడ్డం వచ్చింది. బ్రేకు ఒక్కసారి తొక్కాడు. వ్యాను ఆగలేదు. ఆవుని తప్పించబోయి వేపచెట్టుకి కొట్టాడు. దేవుడి దయవల్ల ప్రాణాలకేం కాలేదు. ఒక మేనత్త చెయ్యి విరిగింది. పిండికట్టు వేసిన చేత్తోనే ఆవిడ అక్షింతలు వేసింది.

ఆ రాత్రి పెదనాన్న అన్నం తినలేదు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. "రెండుసార్లు తొక్కాలని సెప్పలేదురా నేను. సెప్పాలని గురుతే రాలేదు," అని ఒకటే మాట నాన్నతో అంటూ కూర్చున్నారు. అప్పుడు మా నాన్న అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "అన్నయ్యా, షిఫ్టు అప్పజెప్పినప్పుడు ఈ పని సేసేవోడివా నువ్వు?"

భిలాయి వాళ్ళకి ఆ మాట వివరించక్కర్లేదు. బయట ఊళ్ళ శ్రోతల కోసం చెబుతాను. ఉక్కు ప్లాంటుకి రాత్రీ పగలూ లేవు. మూడు షిఫ్టులు నడుస్తుంటాయి. దిగిపోయే మనిషి తన యంత్రాన్ని ఎక్కే మనిషికి ఊరికే వదిలి వెళ్ళడు. లాగ్‌బుక్ రాస్తాడు. నోటితో చెబుతాడు. ఏ బేరింగు వేడెక్కుతోంది, ఏ బ్రేకు సడలింది, ఏ స్విచ్చు జోలికి పోకూడదు, అన్నీ చెప్పి అప్పుడు హెల్మెట్ తీస్తాడు. అందులో మొహమాటం ఉండదు. "నా మీద నమ్మకం లేదా?" అని ఎదుటివాడు నొచ్చుకోడు. చెప్పకపోతేనే నొచ్చుకుంటాడు. జీవితమంతా క్రేను అప్పజెప్పేటప్పుడు పాటించిన ఆ పద్ధతిని, వ్యాను అప్పజెప్పేటప్పుడు పెదనాన్న పాటించలేదు. ఎందుకంటే అది ఉద్యోగం, ఇది చుట్టరికం.

నా ఇన్నేళ్ళ వృత్తిలో నాకు అర్థమైనది ఇదే. ఎరువిచ్చిన వస్తువు వల్ల వచ్చే కష్టాల్లో చాలా వాటికి మూలం దుర్బుద్ధి కాదు, మొహమాటం. షరతు చెబితే ఇవ్వడం ఇష్టంలేక చెబుతున్నామనుకుంటారేమో అని ఇచ్చేవాడు ఆగిపోతాడు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో అని పుచ్చుకునేవాడు ఊరుకుంటాడు. ఇద్దరి మర్యాదా కలిసి మధ్యలో ఉన్న మూడో మనిషి, అంటే బండిలో కూర్చున్న మేనత్త, చెయ్యి విరగ్గొట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక కవరు సంగతికి వస్తాను. పెళ్ళయ్యాక బండి తిరిగి ఇవ్వడానికి వస్తారు. చేతిలో ఒక పళ్ళెం. పళ్ళెంలో రెండు అరటిపళ్ళు, వక్క, ఆకులు, రవికగుడ్డ, స్వీటు పొట్లం. వాటి కింద ఒక తెల్ల కవరు. "వద్దండీ" అంటే, "ఉంచండి, డీజిలుకి" అంటారు. ట్యాంకు నింపి తిరిగి ఇవ్వడం మర్యాద. బట్టలు పెట్టడం మర్యాద. కానీ ఇంత ఇస్తామని ముందే మాట్లాడుకుని పెట్టిన కవరు అయితే ఎరువు కాస్తా కిరాయి అవుతుంది. సొంత కారు పాలసీ తీసి చూడండి. సామాజిక, గృహ, వినోద అవసరాలకీ, సొంత వ్యాపారానికీ వాడుకోవచ్చని ఉంటుంది. కిరాయికి తిప్పకూడదని ఉంటుంది. ఎరువిచ్చిన కారు పెళ్ళికి వెళ్ళడం మొదటి దానిలోకి వస్తుంది. కవరు పడితే రెండో దానిలోకి జారే ప్రమాదం ఉంది. అప్పుడు భీమా కంపెనీ వెనక్కి తగ్గడానికి ఒక దారి దొరుకుతుంది. ఇందాకటి 150వ సెక్షన్ ప్రకారం మీకు తెలియని లోపాలు కూడా మీ మెడకి చుట్టుకుంటాయి. పళ్ళెం తీసుకోండి. కవరు అక్కడే తిరిగి ఇచ్చేయండి.

కారు విషయంలో ఇంకో సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్సీలో పేరున్న మనిషి. 2018లో సుప్రీంకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. కారు చేతులు మారి మారి ఎక్కడికో పోయింది, కానీ రిజిస్ట్రేషన్ మొదటివాడి పేరు మీదే ఉండిపోయింది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ మొదటివాడిదే అన్నది కోర్టు. అమ్మేసినవాడికే ఈ గతి అయితే, ఒక రోజుకి ఎరువిచ్చినవాడు "బండి నేను నడపలేదు" అంటే సరిపోదు. ప్రమాద పరిహారం కేసులో నడిపినవాడినీ, యజమానినీ, భీమా కంపెనీనీ ముగ్గుర్నీ పిలుస్తారు.

ఇంగ్లండు న్యాయం ఈ చోట వేరే దారి పట్టింది. 1972లో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకి ఒక కేసు వచ్చింది. కారు భార్యది. భర్త వాడుకుంటాడు. తాగితే తాను నడపనని, ఎవరైనా స్నేహితుణ్ణి నడపమంటానని ఆమెకి మాటిచ్చాడు. అలాగే ఒక రాత్రి స్నేహితుడు నడుపుతుండగా ప్రమాదం జరిగింది. భార్య బాధ్యురాలా? కాదన్నారు. కారు వాడుకోవడానికి ఒప్పుకున్నంత మాత్రాన నడిపినవాడు ఆమె పని మీద వెళ్ళినట్టు కాదన్నారు. రోడ్డు ప్రమాదాల్లో మన దగ్గర అంత వెసులుబాటు ఆశించకండి. ఇక్కడ పేరే బాధ్యత.

సరే, భీమా ఉంది కదా అంటారు. ఏ భీమా? చట్టం తప్పనిసరి అన్నది థర్డ్ పార్టీ భీమా. అంటే రోడ్డు మీద వెళ్తున్న బయటి మనిషికి జరిగిన నష్టం. ప్రైవేటు కారులో కూర్చున్న మన చుట్టాలు, ఆ థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీలోకి రారని 2006లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వల్ల తేలింది. ప్యాకేజీ పాలసీ, మనం ఫుల్ ఇన్సూరెన్స్ అని పిలిచేది ఉంటే, లోపల కూర్చున్నవాళ్ళకి కూడా రక్షణ ఉంటుందని 2012లో అదే కోర్టు చెప్పింది. పాత బండికి ఎందుకులే అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాళ్ళు చాలామంది. ఆ బండిలో ఏడుగురు పెళ్ళి చుట్టాల్ని ఎక్కించి పంపితే, వాళ్ళకి దెబ్బ తగిలితే ఆ భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. పికప్‌లోనో, సరుకులు మోసే వ్యానులోనో పెళ్ళివారిని నింపితే సంగతి ఇంకా గట్టిది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకి భీమా కంపెనీ బాధ్యత వహించదని 2002 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఎరువు తెచ్చుకుని నడిపేవాడి మాటేమిటి? 2009లో వచ్చిన ఒక తీర్పు వినండి. ఒకతను ఇంకొకరి మోటారు సైకిలు అడిగి తెచ్చుకుని వెళ్తూ ఎడ్లబండిని ఢీకొని చనిపోయాడు. బండి అడిగి తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలోకి వచ్చినట్టే, కాబట్టి తన తప్పుతో సంబంధం లేకుండా ఇచ్చే పరిహారం ఆ యజమాని భీమా నుంచి అడగలేడు అన్నది కోర్టు. పెళ్ళి పనుల మీద పరుగులు పెట్టే కుర్రాళ్ళు గుర్తుంచుకోవాలి. తాళం చేతికి వచ్చిన క్షణం మీరు ఆ బండికి బయటివాళ్ళు కారు.

ఇంకొక్కటి. లైసెన్సు లేని కుర్రాడికి తాళం ఇస్తే, నడిపినవాడికే కాదు, ఇచ్చినవాడికీ శిక్ష ఉంది. పద్దెనిమిది నిండని పిల్లాడు నడిపి నేరానికి పాల్పడితే, 2019 సవరణ తరువాత బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బరాత్‌లో మోజు పడ్డాడని మేనల్లుడి చేతిలో తాళం పెట్టకండి. 2023 మే నెల మొదట్లో మన పక్కనే బాలోద్ జిల్లా జగతరా దగ్గర పెళ్ళికి వెళ్తున్న బొలెరో, లారీ ఢీకొని ఒకే కుటుంబంవాళ్ళు పదిమందికి పైగా పోయారు. పెళ్ళి ప్రయాణం అంటే ఎంత నిండు కుటుంబం ఒకే బండిలో ఉంటుందో అది మనకి చూపించింది.

ఇక అసలు ప్రశ్న, పడవ దగ్గరికి వద్దాం. రోడ్డు ప్రమాదానికి ప్రత్యేక ట్రిబ్యునల్ ఉంది, తప్పనిసరి భీమా ఉంది. ఏటిలో మునిగిన పడవకి ఆ ట్రిబ్యునల్ లేదు. పోయినవాళ్ళ కుటుంబం సివిల్ కోర్టుకి వెళ్ళాలి. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద, ఎవరి నిర్లక్ష్యం వల్ల మనిషి పోయాడో వాళ్ళ మీద భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు దావా వేయొచ్చు. చెల్లించాల్సినది భీమా కంపెనీ కాకపోతే, ఇల్లూ పొలమూ ఉన్న పడవ యజమానే.

పడవలకి కూడా చట్టం ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి, 2021లో లోతట్టు జలరవాణా పడవలకి కొత్త చట్టం తెచ్చారు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఇంజను ఉన్న పడవకి సర్వే సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషన్, అర్హత ఉన్న సిబ్బంది, ప్రాణరక్షణ సామగ్రి, భీమా ఉండాలన్నది ఆ చట్టం ఉద్దేశం. తెడ్డుతో, గెడతో నడిచే నాటుపడవలని కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. కాబట్టి లంకలో ఉన్న అన్నయ్యగారిని నేను మొదట అడగమన్నది ఇదే. పడవకి కాగితాలున్నాయా? అందులో ఎంతమందిని ఎక్కించవచ్చని రాసి ఉంది? భీమా మనుషులకి ఉందా, పడవకి మాత్రమే ఉందా?

రెండో ప్రశ్న, చుక్కాని ఎవరి చేతిలో ఉంటుంది? అన్నయ్యగారే నడిపినా, ఆయన పెట్టుకున్న సరంగు నడిపినా, నడపడంలో జరిగిన నిర్లక్ష్యానికి బాధ్యత ఆయనదే. పని చేయించేవాడు పనివాడి తప్పుకి జవాబుదారీ అన్నది పాత న్యాయం. పడవ మాత్రం ఇచ్చి, నడిపే మనిషిని పెళ్ళివారే తెచ్చుకుంటే, నడపడంలో తప్పు వాళ్ళ వైపుకి వెళ్తుంది. కానీ అడుగున చెక్క నానిపోయిందని తెలిసీ చెప్పకపోతే ఆ తప్పు మళ్ళీ ఇచ్చినవాడి దగ్గరికే వస్తుంది. ఏరు తెలియని మనిషి చేతికి పడవ ఇవ్వడం కూడా నిర్లక్ష్యమే. మనిషి ప్రాణం పోతే అది పరిహారంతో ఆగదు. కొత్త భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది. కిరాయి పుచ్చుకుని, పట్టనంత మందినో, పాడైన పడవలోనో దాటిస్తే, మునగకపోయినా అదే ఒక నేరం. అది 284వ సెక్షన్. కవరు వద్దన్నాను కదా, పడవకి అది ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఈ చట్టాలన్నీ ఎందుకంటే, నీరు క్షమించదు. 2017 నవంబరు 12న కృష్ణా, గోదావరి జలాలు కలిసే పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న వసిష్ఠ బోటు మునిగింది. అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. ఆ బోటుని గోదావరి అడుగునుంచి తీయడానికే ఐదు వారాల పైన పట్టింది. 2024 జనవరి 18న వడోదర హర్నీ చెరువులో విహారానికి వెళ్ళిన బడిపిల్లలు పన్నెండుమంది, ఇద్దరు టీచర్లు పోయారు. అది చెరువు, నది కూడా కాదు. 2023 జూన్‌లో నైజీరియాలో పెళ్ళి చూసుకుని రాత్రివేళ తిరిగి వస్తున్నవాళ్ళ పడవ నైజర్ నదిలో మునిగి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి.

పెళ్ళి పడవకి మామూలు పడవకి లేని ప్రమాదం ఒకటి ఉంది. రోజూ దాటే రైతు, బడికెళ్ళే పిల్ల, వీళ్ళకి పడవలో ఎక్కడ కూర్చోవాలో తెలుసు. పెళ్ళికి వచ్చిన పట్నం చుట్టానికి తెలియదు. ఒక్కసారి కళ్ళ ముందు ఊహించుకోండి. నలభైమంది, మనిషికి అరవై కిలోలు వేసుకున్నా 2,400 కిలోలు. వాటితో పాటు పెట్టెలు, కావిళ్ళు, డోళ్ళు. పడవ మధ్యలో నిశ్చలంగా కూర్చుంటే పర్వాలేదు. రేవు దగ్గరపడింది. గట్టు మీద సన్నాయి మొదలైంది. ఫొటోలవాడు అవతల నిలబడి "ఇటు చూడండి" అన్నాడు. నలభైమందీ ఒకేసారి లేచి ఒకే పక్కకి వచ్చారు. ఆ పక్క అంచు నీటికి జానెడు ఎత్తులో ఉన్నది కాస్తా బెత్తెడైంది. నీళ్ళు అంచు దాటి లోపలికి వస్తే, ఆ నీళ్ళు కూడా అదే పక్కకి చేరతాయి. ఆ తరువాత ఈత వచ్చినవాడు కూడా పట్టుచీర కుచ్చిళ్ళలో చిక్కుకున్న చెల్లెల్ని విడిపించలేడు. పడవ మంచిదే. ఇంజను మంచిదే. నిలబడడం ఒక్కటే ముంచేసింది.

అందుకే ఇచ్చేటప్పుడు చెప్పవలసిన మాటలు ఇవి. పడవలో ఉన్న లోపం ఏదైనా దాచకుండా చెప్పండి. ఎంతమంది ఎక్కాలో అంకెలో చెప్పండి, "చూసి ఎక్కించండి" అనకండి. ఎవరు నడపాలో పేరు పెట్టి చెప్పండి. చీకటి పడ్డాకా, గాలి లేచినప్పుడూ కదలకూడదని చెప్పండి. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలని, అది పట్టుచీర మీద కట్టుకోవాలని, ఫొటోలో బాగుండదని విప్పకూడదని చెప్పండి. ఇవే మాటలు అరకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఒక జాగ్రత్త. "ఏం జరిగినా యజమానికి సంబంధం లేదు" అని రాయించుకుంటే చాలనుకోకండి. ఆ కాగితం మీ ఇద్దరి మధ్యే. పడవలో కూర్చున్న ముసలావిడ దాని మీద సంతకం పెట్టలేదు.

పుచ్చుకునేవాళ్ళకీ చట్టం బాధ్యత పెట్టింది. తన సొంత వస్తువైతే బుద్ధి ఉన్న మనిషి ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త పడాలి, అది 151వ సెక్షన్. చెప్పిన పనికి తప్ప ఇంకో పనికి వాడకూడదు, అది 154. నీ ఒక్కడి స్వారీ కోసమని ఎరువిచ్చిన గుర్రం మీద నీ ఇంటివాణ్ణి ఎక్కిస్తే, వాడు ఎంత జాగ్రత్తగా తోలినా, గుర్రం పడి దెబ్బ తింటే నష్టం నువ్వే కట్టాలని ఆ చట్టంలోనే ఉదాహరణ ఉంది. పెళ్ళివారిని దాటించమని ఇచ్చిన పడవలో షామియానా గుంజలూ, గ్యాసు బండలూ వేసుకురావడం ఇదే. ఇచ్చినవాళ్ళకి ఇంకో మాట. ఉచితంగా ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. కానీ మీ మాట నమ్ముకుని వాళ్ళు ఏర్పాట్లు చేసుకున్నాక మధ్యలో లాక్కుంటే, దానివల్ల పొందిన మేలుని మించి వాళ్ళకి నష్టం వస్తే, ఆ మించిన నష్టం మీరు పూడ్చాలని 159వ సెక్షన్ అంటుంది. ఇవ్వలేకపోతే ముందే కాదనండి. అది తప్పు కాదు.

ఇన్ని చెప్పానని, ఇక ఎవరికీ ఏదీ ఇవ్వొద్దు అంటున్నాననుకోకండి. భిలాయిలో మనం నిలబడిందే ఒకరి వస్తువు ఒకరికి ఇచ్చుకుని. ఊరుగాని ఊరు వచ్చిన మా తాతల తరానికి పెళ్ళంటే పక్క క్వార్టరువాళ్ళ మంచాలు, ఎదురింటివాళ్ళ గుండిగలు, మూలింటాయన స్కూటరు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతే మనం ఊళ్ళో ఉన్నా ఒంటరివాళ్ళమే. ఇవ్వండి. తాళంతో పాటు మాట కూడా ఇవ్వండి అని మాత్రమే నా ప్రార్థన.

ఆ కోనసీమ ఆయన తరువాత మళ్ళీ కలిశారు. నేను చెప్పినవన్నీ అన్నయ్యకి ఫోనులో చెప్పారట. ఒక్క ట్రిప్పులో తేవాలనుకున్న మగపెళ్ళివారిని మూడు ట్రిప్పుల్లో తెచ్చారట, వెలుతురు ఉండగానే. అన్నయ్యగారు రేవులో నిలబడి తలలు లెక్కపెట్టి ఎక్కించారట. "మొదట్లో కాస్త గొణుక్కున్నారండి. తరువాత వాళ్ళే, పెద్దాయన లెక్క అయిందా, ఎక్కొచ్చా అని అడిగారండి," అన్నారు.

మా పెదనాన్న ఇప్పుడు లేరు. ఆ మేనత్త చెయ్యి విరిగిన వారంలోనే వ్యానుకి బ్రేకు బాగు చేయించారు. అయినా ఆ తరువాత ఎవరు వ్యాను అడిగినా, తాళం ఇచ్చి ఊరుకునేవారు కాదు. పక్క సీట్లో కూర్చుని, వాళ్ళ చేత వీధి చివరిదాకా నడిపించి, వేపచెట్టు దగ్గర బ్రేకు తొక్కించేవారు. బండి ఒక్కసారికే ఆగేది. అప్పుడు దిగి, "ఇంక ఎల్లిరా బాబూ," అని నడుచుకుంటూ ఇంటికి వచ్చేవారు.